మస్తానన్న వెనక వయొలిన్

నేను ఒక మనిషిని వయొలిన్‌తో చంపాను. కొట్టి కాదు, వాయించి. అది కూడా నేను వాయించలేదు, వాయించినవాడి క్యాసెట్ పెట్టానంతే. చచ్చిన మనిషి ఇప్పటికీ రాయచోటిలో నిక్షేపంగా ఉన్నాడు. మొన్ననే ఫోన్ చేసి మోకాళ్ళ నొప్పికి ఏదో కొత్త నూనె బాగా పనిచేస్తోందని చెప్పాడు. అయినా ఒక వారం రోజులపాటు వాళ్ళింట్లో ఆయన్ని పోయినవాళ్ళలో కలిపేశారు. కలిపింది నేనే.

ఈ కథ జెద్దాలో మావాళ్ళు నలుగురు కలిస్తే చాలు, మళ్ళీ చెప్పమంటారు. చెప్పి చెప్పి నాకు విసుగు పుట్టింది. నవ్వే చోట్లు వాళ్ళకి ముందే తెలుసు, నేను నోరు తెరవకముందే నవ్వేస్తున్నారు. ఇకమీదట అడిగినవాళ్ళ చేతిలో ఈ కాగితాలు పెట్టి నేను వెళ్ళి పడుకుందామని రాస్తున్నాను. మీరూ చదివి నన్ను నాలుగు తిట్టండి. అలవాటైపోయింది, ఏమీ అనుకోను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ఏలూరులో డిప్లొమా చేసి, ఖమీస్ ముషైత్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపర్‌గా చేరాను. సౌదీ అనగానే మీరు ఇసకా, ఒంటెలూ, కాలే ఎండా ఊహించుకుంటారు. ఖమీస్ కొండల మీద ఊరు. జనవరిలో పొద్దున్నే పొగమంచులో ఎదుటి మనిషి కనపడడు. స్వెట్టరు పంపమని ఇంటికి రాస్తే, ఎడారిలో స్వెట్టరేమిటి, వీడికేదో అయిందని మా నాన్న కంగారుపడ్డాడు. అంటే మన క్షేమ సమాచారం మనం రాసినట్టు అవతలివాళ్ళకి చేరదని నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది. తెలివి ఆ వయసులో నా దగ్గర పెద్దగా ఉండేది కాదు.

ఉన్నదల్లా సంగీతం. పాడటం రాదు, వాయించడం రాదు. వినడం మాత్రం వచ్చు. పోర్టాకేబిన్‌లో నా రోజంతా పాటల మీదే నడిచేది. బియ్యం ఉడకడానికి మూడు పాటలు, పప్పుకి ఐదు, ఉల్లిపాయలు ఎర్రగా వేగడానికి ఒక యుగళగీతం. చొక్కా ఇస్త్రీకి చిన్న పాట చాలు, ప్యాంటుకి మూడు చరణాలున్నది కావాలి. ఒకరోజు క్యాసెట్ టేపు చుట్టుకుపోయి పాట మధ్యలో ఆగిపోయింది. నేను దాన్ని పెన్సిలుతో తిప్పుతూ కూర్చున్నాను, పాట అవలేదు కాబట్టి అన్నం కూడా అవలేదనే అనుకున్నాను. గిన్నె అడుగు నల్లగా మాడి గదంతా పొగ. గదిలో ఉన్న మిగతా ఇద్దరూ ఆ పూట ఖుబ్జు రొట్టె, ఉల్లిపాయ తిని నన్ను చూస్తూ పడుకున్నారు.

అక్కడితో ఆగితే ఇంత రాసే పని ఉండేది కాదు. నాకు ఇంకో పిచ్చి ఉండేది, సినిమా వెనక సంగీతం. అందరూ తెర మీద బొమ్మ చూస్తే నేను తెర వెనక వినేవాణ్ణి. తల్లి పాత్ర మంచం మీద దగ్గుతుంటే హాలంతా ఏడుస్తుంది కదా, ఆ ఏడుపు దగ్గుకి రాదు, దగ్గు వెనక వాయించిన వాయిద్యానికి వస్తుందని నా సిద్ధాంతం. అది తీసేస్తే దగ్గు ఉత్త దగ్గే, మిరియాల కషాయంతో పోతుంది. అందుకని మామూలు బతుకు నాకు చప్పగా ఉండేది. మేనేజర్ స్టోర్‌లోకి వస్తుంటే నాలో నేను డోలు వాయించుకునేవాణ్ణి. సిమెంటు బస్తాలు దిగుతుంటే ఏదో కోరస్. ఖమీస్ సూక్ బజార్‌లో రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డర్ ఒకటి కొన్నాక ఈ జబ్బు ముదిరింది. దానికి మైకు పెట్టుకునే కన్నం కూడా ఉంది. ఒక పక్క పాట మోగుతుంటే, దాని మీద మన గొంతు కలిపి రెండో పక్క రికార్డు చేసుకోవచ్చు. అలాంటి వస్తువు నాలాంటివాడి చేతిలో పెట్టకూడదు.

గదిలో మిగతా ఇద్దరూ ఎవరో చెప్పాలి. ఒకడు రెడ్డెప్ప, మదనపల్లె దగ్గర మనిషి, వడ్రంగి. నిద్రంటే ఇష్టం. రెండోవాడు మస్తానన్న. నలభై దాటినవాడు, రాయచోటి. ఇంట్లో మాట్లాడేది తెలుగే, నమాజు చదివేది అరబ్బీలో, నన్ను తిట్టడానికి రెండూ వాడేవాడు. ఏడేళ్ళు ఇటుకలూ బస్తాలూ మోసి నడుం అరిగాక, నాలుగుసార్లు పరీక్ష తప్పి, ఐదోసారి లైసెన్సు తెచ్చుకుని ఆ చలికాలమే మా కంపెనీ వాటర్ ట్యాంకర్‌కి డ్రైవరయ్యాడు. ఆ ట్యాంకర్‌ని చంటిబిడ్డకి పోసినట్టు రోజూ నీళ్ళు పోసి కడిగేవాడు. మళ్ళా బస్తా ఎత్తితే నా నడుము లేవదు మూర్తీ, ఈ బండే నన్ను ముసలోణ్ణి చేసి ఇంటికి పంపాల అనేవాడు. ఆ ఉద్యోగం పోతే ఆయనకి ఇంకోటి రాదని మా క్యాంపులో అందరికీ తెలుసు.

ఇంతలో యుద్ధం వచ్చింది. క్షిపణులు పడ్డది ఎక్కడో తూర్పున, రియాద్ వైపు. మా ఊరికి వచ్చింది శబ్దం మాత్రమే. పక్కనే మిలిటరీ స్థావరం, పగలూ రాత్రీ విమానాలు. విషవాయువు లోపలికి రాకుండా కిటికీలకి ప్లాస్టిక్ కాగితం అతికించుకోమని కంపెనీ చెప్పింది. స్టోర్‌కీపర్ని కాబట్టి ఆ కాగితం కోసి పంచింది నేనే. అందరికీ ధైర్యం చెబుతూ పంచాను. గదికొచ్చి టేప్‌రికార్డర్ గొంతు పెంచి కూర్చునేవాణ్ణి. విమానం చప్పుడు వినపడకూడదని అలా చేసేవాణ్ణి. నాకు చాలా భయంగా ఉండేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. మా అమ్మకి పదిహేను రోజులకోసారి 'ఇక్కడ అందరం కులాసా' అని రాసి పడేసేవాణ్ణి.

ఆ రోజుల్లో ఉత్తరాలు రాయడం రానివాళ్ళూ, వచ్చినా ఓపిక లేనివాళ్ళూ క్యాసెట్‌లో మాట్లాడి సెలవు మీద వెళ్ళేవాడి చేతికిచ్చి పంపేవారు. ఊళ్ళో ఆ క్యాసెట్ వచ్చిందంటే వీధంతా చేరేది. రెడ్డెప్పకి నెల సెలవు దొరికింది. అతను బయల్దేరుతున్నాడని తెలిసి మస్తానన్న నా పాత చిన్న టేప్‌రికార్డర్ అడిగి తీసుకుని, ట్యాంకర్ క్యాబిన్‌లో తలుపులు వేసుకుని వాళ్ళమ్మ హుసేనమ్మకి మాట్లాడి తెచ్చాడు. రెడ్డెప్ప పెట్టెలో పెట్టు అని నా చేతికిచ్చి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

పెట్టెలో పెట్టాల్సింది. పెట్టలేదు. సరిగ్గా రికార్డయిందో లేదో చూద్దామని పెట్టి విన్నాను. ఇదిగో, ఇదీ అందులో ఉన్నది:

"అమ్మా, నేను మస్తాన్‌ని. బాగుండా. యుద్ధం యాడో జరుగుతాంది, మాకాడ ఏం లేదు. నా గురించి బెంగ పెట్టుకోవద్దు. పండక్కి రాలేను. నల్లావును అమ్మొద్దండి. ఇనప్పెట్టెలో ఉండే కాగితాలు ఖాసింకియ్యి, వాడు సూసుకుంటాడు. అందర్నీ అడిగినానని చెప్పు. ఇంక ఉంటా."

ఖాసిం ఆయన తమ్ముడు, అక్కడ సైకిల్ షాపు. మాటల మధ్య పొడుగాటి ఖాళీలు, గొంతు సవరింపులు, నాలుగు దగ్గులు. నా ప్రాణం ఉసూరుమంది. యుద్ధంలో ఉన్న కొడుకు తల్లితో మాట్లాడే మాటలా ఇవి? ఆవు గురించీ ఇనప్పెట్టె గురించీ? వీధంతా చేరి ఇది వింటుందా? ఇందులో కావాల్సింది ఒక్కటే లేదనిపించింది. ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

సూక్‌లో ఒక మలయాళీ కొట్లో కొన్న వయొలిన్ క్యాసెట్ నా దగ్గర ఉంది. ఉత్త వాయిద్యం, పాట లేదు. అందులో శుభపంతువరాళి రాగంలో ఒక పెద్ద ఆలాపన ఉంది. ఆ రాగం సంగతి తెలిసినవాళ్ళు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. దానంత దుఃఖం ఉన్న రాగం ఇంకోటి లేదట. నాకు అంత పాండిత్యం లేదు, పేరులో శుభం ఉంది కదా అనుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని పని చేశాను. చిన్న టేప్‌రికార్డర్లో మస్తానన్న గొంతు మైకు ముందు, పెద్దదాంట్లో వయొలిన్ వెనక. దగ్గు వచ్చిన చోటల్లా గొంతు ఆపేసి వయొలిన్ పెంచాను. 'బెంగ పెట్టుకోవద్దు' దగ్గర తీగ సన్నగా వణికింది. 'ఇనప్పెట్టె' దగ్గర కిందికి దిగింది. 'ఇంక ఉంటా' తర్వాత ఒక నిమిషంపాటు వయొలిన్ ఒక్కటే ఏడ్చి, మెల్లగా ఆగిపోయింది. విని నాకే కళ్ళు చెమర్చాయి. ఒక కాపీ నా కోసం దాచుకుని, రెండోది రెడ్డెప్ప పెట్టెలో పెట్టాను. కాపీ ఒకటి ఉంచుకున్నానన్నాను గానీ, వయొలిన్ సంగతి మస్తానన్నకి చెప్పలేదు. ఊరినుంచి మెప్పు వచ్చాక చెప్పి ఆశ్చర్యపరుద్దామని.

మన రేడియోలో పెద్ద నాయకుడెవరైనా పోతే ఏం చేసేవారో మీకు గుర్తుందా? పాటలూ నాటకాలూ అన్నీ ఆపేసి రోజంతా వయొలినో, షెహనాయో వాయించేవారు. పొద్దున్నే రేడియో పెట్టగానే ఆ వాయిద్యం వినిపిస్తే, వార్తలు చదవకముందే ఎవరో పోయారని వీధిలో అందరికీ తెలిసిపోయేది. నాకూ తెలుసు. చిన్నప్పుడు అది విని బడికి సెలవని ఎగిరినవాణ్ణే. ఆ సంగతి ఆ మధ్యాహ్నం నాకు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

రెడ్డెప్ప వెళ్ళాక కంపెనీ సెలవులన్నీ ఆపేసింది. పోయినవాళ్ళు తిరిగి రావడం లేదని కోపం. కొన్నాళ్ళకి యుద్ధం ఆగిపోయింది, విమానాలు తగ్గాయి, సెలవులు మాత్రం తెరవలేదు. అలాంటి సమయంలో ఒక బుధవారం మధ్యాహ్నం ఆఫీసుకి టెలిగ్రాం వచ్చింది, మస్తానన్న పేరు మీద. చదివి చెప్పమని నా దగ్గరకే తెచ్చాడు. మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ.

ఆ నాలుగు మాటలు తెలుగులో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆయన ట్యాంకర్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. తర్వాత లేచి టెలిఫోన్ కేబిన్‌కి వెళ్ళాడు. లైను దొరకలేదు. యుద్ధం అయిపోయిందని ప్రతివాడూ ఇంటికి ఫోన్ చేస్తున్న రోజులు. రాత్రి ఎలాగో కలిస్తే, వాళ్ళింటి పక్క ఎరువుల కొట్లో ఉన్న ఫోను మోగి మోగి ఆగింది. అక్కడ కొట్టు కట్టేసి ఇళ్ళకెళ్ళిపోయారు. గురువారం మళ్ళీ లైను లేదు.

కంపెనీలో పాస్‌పోర్టుల పనులు చూసే మందూబ్ ఉస్మాన్ అనే సూడాన్ ఆయన. మంచివాడే, కానీ ఆయన చేతిలో ఏముంది? సెలవు ఇవ్వరు, వెళ్ళి తీరాలంటే ఒకటే దారి అన్నాడు. ఫైనల్ ఎగ్జిట్. అంటే ఉద్యోగం వదులుకుని, ఇకామా అనే నివాస కార్డు ఇచ్చేసి, మళ్ళీ రాకుండా పోవడం. మస్తానన్న ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. అమ్మ కంటే బండి ఎక్కువా అన్నాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు కాబట్టి దరఖాస్తు నేనే రాశాను. బాగా రాశాను, మేనేజర్ వెంటనే సంతకం పెట్టేంత బాగా. శనివారం పొద్దున్నే జవాజాత్ అనే పాస్‌పోర్టు ఆఫీసులో స్టాంపు పడుతుంది, ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా మారదని ఉస్మాన్ చెప్పాడు.

శుక్రవారం పొద్దున, మస్తానన్న మసీదుకి వెళ్ళిన సమయంలో రెడ్డెప్ప సెలవు నుంచి దిగాడు. రెండు రోజుల ప్రయాణం, మనిషి వడలిపోయి ఉన్నాడు. పెట్టె కూడా దించకుండా నా వైపు అదోలా చూసి, అడిగాడు.

"ఆ క్యాసెట్లో ఏం పెట్టినావు సామీ?"

ఏం పెట్టానో గర్వంగానే చెప్పాను. మెప్పు వచ్చిందనుకున్నాను. రెడ్డెప్ప మంచం మీద కూలబడి మొత్తం చెప్పాడు. తన ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ తిరిగి, తిరుగు ప్రయాణానికి వారం ముందుగానీ అతను రాయచోటి వెళ్ళలేదు. క్యాసెట్ పెట్టారు. వయొలిన్ మొదలవగానే వీధిలో ఒక ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడట. మస్తాన్ బాగున్నాడయ్యా, నేను చూసే వచ్చానని రెడ్డెప్ప నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. చావు కబురు తెచ్చినవాడు మొదట బాగానే ఉన్నాడనే కదా అంటాడు.

"నేను బాగుండాడని చెప్పేకొద్దీ వాళ్ళు, ఆ యమ్మకి ఇనపడకుండా వీధిలో నిలబడి, ఎక్కువ ఏడిసినారు. నాకే అనుమానమొచ్చింది, నేను చూసింది మస్తాన్నేనా అని."

నాకివ్వమని ఖాసిం పంపిన ఉత్తరం ఒకటి చేతిలో పెట్టి, అటు తిరిగి పడుకుని నిమిషంలో గుర్రు పెట్టాడు. నేను చదివాను. ఖాసిం చాలా మర్యాదగా రాశాడు. అయ్యా మూర్తి గారూ, మీరు చదువుకున్నవారు, నిజం దాచకండి. అన్న గొంతు మధ్య మధ్యలో ఆగిపోతోంది, అక్కడల్లా సంగీతం పెరుగుతోంది. ఆ ఆగిన చోట్ల ఏం జరిగింది? కాగితాలు నాకిమ్మని చెప్పాడంటేనే మాకు అర్థమైంది. కంపెనీవారు గౌరవంగా వాయించినందుకు కృతజ్ఞతలు. అమ్మకి మేమింకా ఏమీ చెప్పలేదు, రేడియో సంగతి ఆమెకు తెలీదు. అమ్మ సీరియస్ అని టెలిగ్రాం ఇచ్చాము. అన్న బతికుంటే వస్తాడు. రాకపోతే మిగతా విషయాలు మీరే రాయండి.

కంపెనీ గౌరవంగా వాయించినందుకు అన్న వాక్యం దగ్గర నాకు చెమట పట్టింది. అంటే అక్కడ తల్లి బాగుంది, ఇక్కడ కొడుకు బాగున్నాడు, మధ్యలో నేనొక్కణ్ణే బాగాలేను. మస్తానన్న ఇంటికెళితే ఉద్యోగం పోతుంది. వెళ్ళకపోతే వాళ్ళు దినాలు చేసేస్తారు. స్టాంపుకి ఒక్క రోజు ఉంది.

ఇప్పుడు నేను చేయాల్సింది ఏమిటో మీకు తెలుసు. మసీదు దగ్గరకి పరిగెత్తి నిజం చెప్పేయాలి. నేను ఏం చేశానో చెబితే మీరు ఈ కాగితాలు విసిరేస్తారు. ముందు ఉస్మాన్ దగ్గరకి వెళ్ళి, స్టాంపు ఒక వారం ఆలస్యం చేయలేవా అని అడిగాను. తల్లి చావుబతుకుల్లో ఉందని కళ్ళనీళ్ళొచ్చేలా రాసింది నువ్వే కదా, ఇప్పుడు ఆలస్యమంటావేమిటని ఆయన నన్ను అసహ్యంగా చూశాడు. తర్వాత గదికొచ్చిన మస్తానన్నతో, టెలిగ్రాముల్లో అన్నీ కాస్త పెంచి రాస్తారన్నా, సీరియస్ అంటే జ్వరం కూడా అయ్యుండొచ్చు అని మెల్లగా మొదలుపెట్టాను. ఆయన బట్టలు సర్దుకుంటూనే ఉన్నాడు. తన దుప్పటి మడిచి నా మంచం మీద పెట్టాడు, చలికి నీకు పనికొస్తుందని.

సర్దడం అయ్యాక ఆయన నా టేప్‌రికార్డర్ ముందు కూర్చున్నాడు.

"మూర్తీ, ఆ పొద్దు మా యమ్మకి పంపిన మాటలు నీకాడ కాపీ ఉందంటివే. ఒకసారి పెట్టు. నేను పొయ్యేలోపల ఏమన్నా అయితే, ఆమె ఇన్న ఆకరి మాటలు అవే కదా. ఏం చెప్పినానో గుర్తు లేదు."

లేదని చెప్పడానికి నోరు రాలేదు. పెట్టాను. వయొలిన్ మొదలైంది. మస్తానన్న తలెత్తి గది చుట్టూ చూశాడు, ఎక్కడ మోగుతోందోనని. తర్వాత తన గొంతు వచ్చింది, బాగుండా అంటూ. ఆయన ముఖంలో రంగు మారడం నేను చూశాను. ఆవు దగ్గర టోపీ సర్దుకున్నాడు. ఇనప్పెట్టె దగ్గర లేచి నిలబడ్డాడు. ఆఖరి నిమిషం వయొలిన్ మొత్తం కదలకుండా విని, అది ఆగాక చాలా నెమ్మదిగా అడిగాడు.

"నేనెప్పుడు సచ్చిపోతి మూర్తీ?"

నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. రేడియో, దగ్గులు, శుభపంతువరాళి, ఖాసిం ఉత్తరం, అన్నీ. ఉత్తరం చదివి వినిపించాను. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. అడిగింది ఒక్కటే.

"అయితే మా యమ్మకి ఏం కాలేదా?"

"ఏం కాలేదన్నా. అబద్ధం టెలిగ్రాం."

ఆయన మంచం మీద కూర్చుని చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. మూడు రోజుల ఏడుపు. వెనక ఏ వాయిద్యం లేదు. నాకు సినిమా హాలులో ఎప్పుడూ రానంత దుఃఖం వచ్చింది. గోల విని రెడ్డెప్ప ఒక కన్ను తెరిచి, మస్తానన్నని చూసి, బాగానే ఉండాడు, నేను చెప్పలే, అని మళ్ళీ నిద్రపోయాడు.

వెంటనే టెలిఫోన్ కేబిన్‌కి వెళ్ళాం. రాయచోటిలో సాయంత్రం నాలుగు దాటిన సమయం, కొట్టు తెరిచే ఉంటుంది. గంటన్నర వరసలో నిలబడ్డాక లైను కలిసింది. కొట్టతను ఖాసింని పిలిచాడు. ఖాసిం నమ్మలేదు. గొంతంటే, టేపులో ఉన్నదీ అన్న గొంతే కదా అన్నాడట. నల్లావుకి ఏ చెవి చిరిగిందో చెప్పమన్నాడు. ఎడమది, చించింది నువ్వేరా అని మస్తానన్న అరిచాడు. అప్పుడు కూడా ఖాసిం కాసేపు ఆగి, వెనక సంగీతం వినపడటం లేదని నిర్ధారించుకుని, ఆ తర్వాతే బోరుమన్నాడు. అతని వెనక వీధంతా అరుస్తోంది, గాజు తలుపు బయట నిలబడ్డ నాకే వినిపించింది.

తర్వాత తల్లి వచ్చింది. గుండ్రాయి మాదిరి ఉండా, నాకేమైంది అని ఆమె అన్నట్టు మస్తానన్న నాకు సైగ చేసి చెప్పాడు. ఆయన నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఉన్నట్టుండి నవ్వు ఆపి నా వైపు చూశాడు. ఆమె ఏదో అడుగుతోంది. ఆయన నన్ను చూస్తూనే ఏదో చెప్పి ఫోను పెట్టేశాడు. ఏమడిగిందంటే చెప్పలేదు.

శనివారం తెల్లారకముందే ఉస్మాన్ ఇంటి ముందు నిలబడ్డాం. కాగితం ఇంకా ఆయన కారులోనే ఉంది. రద్దు చేయాలంటే ఇంకో ఫారం నింపి మేనేజర్ సంతకం తేవాలన్నాడు. కారణం రాయడానికి అందులో ఒక్క గీతే ఉంది. నేను జరిగిందంతా వివరంగా ఒక పేజీ రాసి తీసుకెళితే, గీతలో పట్టేది రాయి, ఖలాస్ అని విసుక్కున్నాడు. తల్లికి నయమైందని రాస్తే, రెండు రోజుల్లో నయమయ్యే చావుబతుకులేమిటని మేనేజర్ అడుగుతాడు. అబద్ధమని రాస్తే మస్తానన్నని పంపేస్తారు. చాలాసేపు ఆలోచించి, కారణం అన్న చోట 'వయొలిన్' అని రాశాను. మేనేజర్ చదవకుండా సంతకం పెట్టాడు. ఆ కాగితం ఖమీస్‌లో ఏదో ఫైల్లో ఇప్పటికీ ఉండే ఉంటుంది.

తిరిగి క్యాంపుకి ట్యాంకర్‌లోనే వచ్చాం. మస్తానన్న స్టీరింగ్ మీద చెయ్యి ఆనించి నడుపుతున్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎన్నిసార్లు క్షమాపణ చెబితే సరిపోతుందా అని ఆలోచిస్తున్నాను. ఆ రోజుకి అరవైసార్లు చెప్పి ఉంటాను. కొండ మలుపు దగ్గర ఆయనే నోరు విప్పాడు.

"నిన్న మా యమ్మ ఏమడిగిందో చెప్తా. 'నువ్వు బాగుండా బాగుండా అంటాంటివి, నీ ఎనకాల ఒకడు ఊరుకోకుండా ఏడుస్తానే ఉండాడే, వాడెవుడు నాయనా? వాని అమ్మకి తెలుసునా?' అనింది."

వయొలిన్ అనేదాన్ని ఆమె అంతకుముందు వినలేదు.

"నువ్వేం చెప్పావన్నా?"

"మూర్తి అని చెప్పినా."

విమానాల చప్పుడు వినపడకుండా పాటలు పెంచుకున్న రాత్రులన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఈ మనిషి అవన్నీ పక్క మంచం మీద పడుకుని వింటూనే ఉన్నాడన్నమాట. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, రెండూ దాచుకోవడానికి చేతిలో టేప్‌రికార్డర్ కూడా లేదు. ఆ సాయంత్రం ఖాళీ క్యాసెట్ ఒకటి పెట్టి మా అమ్మతో మాట్లాడాను. కులాసా అనలేదు. భయమేసిందమ్మా అన్నాను. దగ్గులు కూడా తీయలేదు.

అందువల్ల పెద్దలారా, అష్టదిక్కులూ వాటర్ ట్యాంకరూ సాక్షిగా నేను ఆ రోజు చేసిన ప్రమాణం ఇది: ఇకపై నేను ఏ మనిషి క్షేమ సమాచారం వెనకా తీగ గానీ, తోలు గానీ, గొట్టం గానీ వాయించను, వాయింపించను, వాయించేవాణ్ణి ప్రోత్సహించను. ముప్పై ఏళ్ళు దాటింది, మాట తప్పలేదు. ఫోన్లో ఎవరైనా బాగున్నాను అంటే మాత్రం, వెనక ఎవరైనా ఏడుస్తున్నారేమోనని ఒక్క క్షణం ఆగి వింటాను. చాలాసార్లు వినపడుతుంది. అప్పుడు నేను అడిగేది ఒక్కటే, మీ అమ్మకి తెలుసా అని.